వాల్వుకు కట్టిన తీగె

"తీగె అన్న మాట నీ నోట్లకెళ్లి రావొద్దు" అన్నడు వకీలు,
మిర్యాలగూడ కోర్టు మెట్ల మీద, ఇస్త్రీ నలగకుండ కూసొని.
"ప్రెషర్ ఎక్కింది, వాల్వు పనిచెయ్యలే. అంతే.
మిగిలింది నేను చూసుకుంట."
ఆయన ఫీజు ఎవరిచ్చిండ్రో నేనడగలే.
ఆయన చెప్పలే.

రెండు మూరల తీగె అది.
సొరపాదు పందిరికి కట్టేటి జి.ఐ. తీగె.
బస్టాండు కాడి ఇనుప దుకాణంల నలభై రూపాలు.
మిల్లు ఖాతాల రాయించిన.

ఉప్పుడు బియ్యం మిల్లుల రాత్రి పండనోళ్లకు ఎరుక కాదు,
బాయిలర్ కూడ ఊపిరి తీస్తది.
కడుపు నిండితే నెత్తి మీది వాల్వు తెరుసుకొని
కూ అని కూస్తది.
ఆ కూత ఇంటే మాకు నిద్ర పట్టేది,
సేటుకు పట్టకపోయేది.
"అది కూసినప్పుడల్లా నా ఊక గాలిల కలుస్తున్నది.
దాని నోరు మూయించు సైదులూ."

ఒకసారి చెప్పిన: వద్దు సేటూ, పాత డొక్క.
రెండోసారి చెప్పబోతే
ఆయన ఫోన్‌ల ఉన్నడు.
మూడోసారికి నా చేతుల పట్కారు ఉన్నది.

మూడు మెలికలు.
ఆఖరు మెలికకు తీగె కిర్రుమన్నది.
ఆ కిర్రు ఇంకా నా మణికట్టుల ఉన్నది.

తనిఖీ సారు రాకపోలే, వచ్చిండు.
ఆఫీసు రూముల ఏసీ కింద కూసొని చాయ తాగి
తల పైకెత్తకుండనే సంతకం చేసిండు.
ఆ కాయితానికి అద్దం కట్టించి
లక్ష్మీదేవి పటం పక్కన తగిలిచ్చిండ్రు.
పొద్దుగాల ఇద్దరికీ ఒకటే ఊదుబత్తి.

ఆ రాత్రి తవుడు ఊడుస్తున్న సోమక్క
చీపురు ఆపి అడిగింది:
"ఏంరా సైదులూ, ఇయ్యాల ముసల్ది కూస్తలేదేంది?"
మిల్లంత దడదడలాడుతుంటే
లేని చప్పుడును ఆమె ఒక్కతే విన్నది.
నేను నవ్విన.
నవ్వి, బీడీ తాగుదామని గేటు అవుతలికి పోయిన.

బీడీ సగం కాలలే.

బాయిలర్ మూత పోయి సాగర్ కాల్వ కట్ట మీద పడ్డది.
సోమక్కను గాజులను బట్టి,
హమాలి రమావత్ హర్యాను మొలతాడు తాయెత్తును బట్టి.
బీహారు పిల్లగాడు బిర్జూకు పద్దెనిమిదేండ్లని రాసిండ్రు.
నాకు తెలిసి పదహారు.
వాని ఊరు చేరేసరికి పెట్టెల ఐసంత నీళ్లయిందని
తిరిగొచ్చిన డ్రైవరు చెప్పిండు,
అన్నం తినుకుంట, నడుమల ఆగి.

ఛార్జిషీటుల ఒకటో ముద్దాయి ఆపరేటర్ ఎంకటనర్సు.
ఆయన కూడ ఆ రాత్రే పోయిండు.
సచ్చినోడు వాయిదాకు రాడు, ఎదురు చెప్పడు,
అసుంటి ముద్దాయి ఎక్కడ దొరుకుతడు?
రెండో ముద్దాయిని నేను.
సేటు పేరు ఎతికితే, మిల్లు ఆయన మరదలు పేరు మీద ఉన్నదట.
ఆమె బాయిలర్‌ను ఎన్నడు చూడలేదట.

నిర్లక్ష్యం అని రాసిండ్రు.
వకీలు ఇడమరిచి చెప్పిండు: సంపాలన్న గురి లేకపోవుడు.
గురి లేదు గనుక రెండేండ్లు,
లేకుంటే జరిమాన.

గురి లేకపోవుడేంది సారూ?
తెల్లారేసరికి నిండాల్సిన ఆరు లారీల మీద ఉన్నది గురి.
నడుమల సోమక్క చీపురు పట్టుకొని నిలవడ్డది.

ఇయ్యాల పెట్టెలకెళ్లి తీసిండ్రు దాన్ని,
అట్టముక్క కట్టి, ఏడో నంబరు వేసి.
తుప్పు పట్టింది. మెలికలు ఇప్పుకోలే.
"ఇది గుర్తువడుతవా?" అన్నది జడ్జి మేడం.
వకీలు దగ్గిండు.
పైన ఫ్యాను సన్నగ కూసుకుంట తిరుగుతున్నది.

గుర్తువట్టిన మేడం. మెలిక నాదే.
ఎడమచేతి మెలిక, ఈ మిల్లులల్ల ఇంకెవ్వడు వెయ్యడు.
రాసుకోండ్రి.
రాసుకొని,
ఆ ఇనుప దుకాణపాయన ఖాతా బుక్కు తెప్పియ్యిండ్రి.