గంట మోగని వేగం

తలుపు దగ్గరే బోర్డుంటుంది మా దగ్గర:
"ముట్టుకోండి."
రాసింది నేనే, ఫైరింజనుకి వేయగా మిగిలిన ఎర్రరంగుతో.
వచ్చినవాళ్ళు రెండుసార్లు చదువుతారు.
జేబుల్లోంచి చేతులు తీయడానికి
ఇంకాస్త సేపు పడుతుంది.

ఒకప్పుడిది పాలకేంద్రం.
ఫిన్లాండులో, సరస్సు అంచున,
రైలు ఆగడం మానేసిన ఊళ్ళో.
ఇప్పుడు మూడు ట్రాక్టర్లు, బట్టలు పిండే రోలర్లు,
కాలితో తొక్కే కుట్టుమిషన్లు,
'ఓ' కొడితే కాగితానికి చిల్లుపెట్టే టైపురైటరు,
అన్నీ నూనె తాగి బతుకుతున్నాయి.
నువ్వూ అంతే అంటుంది మా ఆవిడ
నా మోకాళ్ళ మందు వాసనకి ముక్కు మూసుకుని.

ముప్పై ఒక్కేళ్ళు నేను నడిపిన బస్సు కూడా ఇక్కడే ఉంది.
పిల్లలు నా సీట్లో కూర్చుని
లేని దారుల్లో మలుపులు తిప్పుతారు.
టికెట్టు నన్నే అడుగుతారు.
చిల్లర లేదంటే దిగిపొమ్మంటారు.
మంచులో నేనెవర్నీ దింపలేదు.
(ఒక్కసారి దింపాను. ఆ సంగతి వేరే.)

పాత కారుని పిడి తిప్పి లేపేటప్పుడు
బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే ఉంచమంటాను.
పిడి చుట్టూ పట్టావో,
ఇంజను వెనక్కి తన్నితే విరుగుతుంది, ఇదిగో
అని నా వంకర వేలు చూపిస్తాను.
అది తలుపు సందులో నలిగిన వేలు.
పాఠానికి పనికొస్తోంది, ఉండనీ.

మొన్న ఆదివారం ముసురు.
ఇర్యా వచ్చింది, మునిమనవరాలు హిల్లాని తీసుకుని.
పిల్ల ప్రతిదాన్నీ వేలితో పొడిచి చూసింది.
ఏదీ వెలగలేదు.
"అన్నీ చెడిపోయాయా?"
"లేదమ్మా, నీకోసం ఆగి ఉన్నాయి" అన్నాను.
ఈ మాట ప్రతి ఆదివారం ఎవరితోనో అంటాను.

మూలన మీగడ తీసే మిషను.
నీలం ఇనుము, నెత్తిన రేకు గిన్నె,
పొడుగాటి పిడి, ఆ పిడి కడుపులో ఓ గంట.
హిల్లా రెండు చేతులా పట్టి లాగింది.
టింగ్.
చాలాసేపటికి ఇంకొక టింగ్.
ఇక గంట కోసమే తిప్పింది,
నాలిక బయటపెట్టి, బూట్లు జారుతుంటే నిలదొక్కుకుని,
టింగ్, టింగ్, టింగ్టింగ్,

గంట పోయింది.

చేతులు వెనక్కి లాక్కుంది.
"విరగ్గొట్టేశాను."
"కాదు" అంది ఇర్యా.
"ఇప్పుడే సరిగ్గా తిప్పావు.
తగ్గితే అరుస్తుంది. సరిపోతే ఏమీ అనదు."

లోపల చిన్న గుండు ఉంటుందనీ
వేగం అందుకుంటే అది కదలదనీ
నేను చెప్పాల్సిన పాఠం గొంతుదాకా వచ్చింది.
మింగేశాను.

ఇర్యా చేతితొడుగులు తీసి
ట్రాక్టరు మడ్‌గార్డు మీద పెట్టింది.
మూడే మూడు టింగులు, తర్వాత ఏమీ లేదు.
మిషను తుమ్మెదలా గుంయ్‌మంటోంది.
ఆమె గోడకేసి చూస్తూ తిప్పుతోంది,
ఆ గోడకి కిటికీ ఉన్నట్టు.
"బడికి పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి.
అమ్మ అవతలి గదిలోంచి వినేది.
గంట మోగిందో, గోడ మీద కట్టెతో కొట్టేది.
మోగకపోతే పలికేది కాదు."
కాసేపు తిప్పి,
"అమ్మదీ దీనిదీ ఒకటే కంపెనీ" అంది.

నవ్వాను. ఆమె నవ్వలేదు, తిప్పుతూనే ఉంది.
హిల్లా మాత్రం మూతి కింద
దోసిలి పట్టి నిలబడింది,
ఎప్పుడో ఒకప్పుడు పడుతుందని.

వాళ్ళు వెళ్ళాక చూస్తే
చేతితొడుగులు మడ్‌గార్డు మీదే ఉన్నాయి.
నూనె డబ్బాలకి దూరంగా, ఎత్తున పెట్టాను.
దీపాలార్పి, ఎవరూ లేరని చూసుకుని
నేనూ ఓసారి పిడి పట్టాను,
బొటనవేలు పక్కకి పెట్టి మరీ.

పెద్ద బస్సు తిప్పిన భుజం.
ఎంత తిప్పినా
టింగ్, టింగ్ అంటూనే ఉంది.
గోడ మీద ఎవరైనా కొడతారేమోనని
ఒక్క క్షణం ఆగి విన్నాను.