అర్హత గడి

జూన్‌లో బంగారుపాళెం రోడ్డంతా ట్రాక్టర్లే,
ఒకదాని వెనక ఒకటి, రెండు మైళ్ళు.
తోతాపురి వాసనకి ఈగలు కూడా వరసలో నిలబడతాయి.
ఫ్యాక్టరీలో తూకం దాటినాక నా బల్ల.
బల్ల మీద రిఫ్రాక్టోమీటరు, నీలం సిరా పెన్ను.
గోడకు నా ఎమ్మెస్సీ పట్టా, ఫ్రేము కట్టించి.
ఆడిటర్లు చూడాలని మేనేజరే కొట్టించినాడు మేకు.

గంపల మధ్య మొగిలమ్మ.
తొడిమ దగ్గర బొటనవేలితో ఒక నొక్కు,
ముక్కు దగ్గర పెట్టి ఒక పీల్పు.
"ఇది ఈ పొద్దు. ఇది ఎల్లుండి.
ఇది మందేసి మాగబెట్టిండేది, బయట పారెయ్."
అంతే.
నేను రసం చుక్క అద్దం మీద పెట్టి
వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసేసరికి
ఇంకో నలభై పండ్ల జాతకం చెప్పేసి ఉంటుంది.

తిరపతిలో ఐదేండ్లు చదివినా.
యూనివర్సిటీ హాస్టల్లో దోమల మధ్య బట్టీపట్టి
పండు మాగేటప్పుడు పుట్టే ఇథిలీన్ గురించి
పదహైదు మార్కుల వ్యాసం రాసినా.
పద్నాలుగు వచ్చినాయి.
దాని వాసన ఎట్లుంటుందో
ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మొదటి ఏడు మీటరు మాట నమ్మి
ఆమె వద్దన్న లోడు దించుకున్నా.
వారం తిరక్కుండా మూడు పీపాలు ఉబ్బినాయి.
మేనేజరు నన్నేమీ అనలేదు, చదువుకున్నోణ్ణి గదా.
కూలి తెగింది గంపలు మోసినోళ్ళకు.
అప్పట్నుంచీ
ముందు ఆమె ముఖం చూస్తా, తర్వాత మీటరు,
ఆ తర్వాత నీలం సిరాతో
టి. హేమాద్రి, ఎమ్మెస్సీ అని సంతకం పెడతా.
పదకొండు సీజన్లు.

చదువు లేకున్నా పైకి రావచ్చని
టీ బంకు దగ్గర ఎవరన్నా అంటే
నేను ఆమెనే చూపించేవాణ్ణి, గొప్పగా.
ఒకరోజు గ్లాసు కడిగి బోర్లించి అనింది:
"బతకచ్చు సామీ. బతుకుతా ఉండా గదా.
నీకు నెలకు జీతం, నాకు గంపకు కూలి.
నాకు జలుబు చేస్తే ఆ పొద్దు ముక్కు పన్జెయ్యదు,
ఆ పొద్దు పస్తు.
నీ పట్టాకు జలుబు చేస్తాదా?"

ఈ ఏడు సరుకు కొనేవాళ్ళు ఒక ఫారం పంపినారు.
నాణ్యత చూసేవారి పేరు, అనుభవం, విద్యార్హత.
నీ పేరు రాసెయ్ అన్నాడు మేనేజరు.
మొగిలమ్మ అని రాసినా.
అనుభవం, ఇరవై రెండేండ్లు.
మూడో గడి కాడ పెన్ను ఆగిపోయింది.
ఐరాల బడిలో మూడో తరగతి, అదీ సగమే,
తమ్ముడు పుడితే ఎత్తుకోను మనిషి లేక మానిపించినారంట.
ఇంత కథ పట్టదు ఆ గడిలో.
ఖాళీగా పంపినా.
ఖాళీగానే వెనక్కొచ్చింది,
చుట్టూ ఎర్ర సున్నా చుట్టుకొని.

మొన్న మధ్యాన్నం అన్నం తిన్నాక
నా బల్ల దగ్గరికొచ్చి కొంగుముడి విప్పింది.
ఓపెన్ స్కూలు పదో తరగతి దరఖాస్తు,
నాలుగు మడతలు, మూలన మామిడి జీడి మరక.
"అది తర్వాత. ముందు ఆ మీటరు చూడను నేర్పు.
నా ముక్కుతో దాని లెక్క సరిపోతాదా చూడాల."

అద్దం కంటికి ఆనించుకొని
చాలాసేపు ఉండిపోయింది.
లోపల సగం నీలం, సగం తెలుపు,
మధ్యలో సన్న గీత.
"పద్నాలుగు... చుక్క... రెండు," కూడబలుక్కున్నింది.
"ఈ గంపలు ఎల్లుండికి పదహారవుతాయి. రాసుకో."
రాసుకున్నా.

దరఖాస్తు నా సొరుగులో ఉంది.
సాక్షి సంతకం పెట్టినా గానీ
పక్కన ఎమ్మెస్సీ అని రాయాలా వద్దా
ఇంకా తేలలేదు.

ఈ పొద్దు ఆ గంపల్లో పండు కోసి చూసినా.
పదిహేనున్నర.
తప్పినావు మొగిలమ్మా, అర తగ్గింది, అన్నా,
ఎందుకో కాస్త సంతోషంగానే.
ఆమె గంప దించకుండానే అడిగింది:
"అద్దం తుడిచినావా సామీ?"