పిన్‌కోడ్ ఒక్కటే అడిగింది

ఫోన్ల కొంటే పదకొండు వందలు తక్కువ.
అది పిన్‌కోడ్ ఒక్కటే అడిగింది.

స్టేషన్ రోడ్డు కొమురెల్లి
టేపు పట్టుకొని ఇల్లంత తిరిగిండు.
"వెనుక తలుపు గొళ్లెం ఎట్ల విరిగింది?
నైట్ డ్యూటీ ఏ రోజులు?
ఇంతకీ ఎవలకు భయపడుతున్నవ్ అక్కా?"

దొంగలకని చెప్పిన.
గొళ్లెం దిక్కే చూసుకుంట టేపు చుట్టిండు.

అందుకే ఫోన్లనే కొన్న.
డబ్బా వాకిట్ల పడేసి పోయిండ్రు,
ఏం కొన్ననో గల్లంత చదివేటట్టు.

నిన్న రాత్రి రెండింటికి మోగింది.
వడ్డేపల్లి కుక్కలన్ని లేచినయ్.
కస్టమర్ కేర్
హిందీకి ఒకటి నొక్కమన్నది,
ఇంగ్లీషుకు రెండు.

నొక్కలే.
కొటేషన్ కాయితం వెనుక
పెన్సిలు నంబరు ఉండె.

"బల్లి అయ్యుంటది అక్కా" అన్నడు.
ఆ మాట ఆగకముందే
బండి కిక్కు కొడుతున్న చప్పుడు.