పన్నెండు ఓల్టుల రైలు

ఈ దేశంల రైలు లేదు.
గూడ్సుబండి కూత కూడా లేదు.
ఉన్నదల్లా రుమైథియాల ఒక ముసలాయన మేడ మీద,
రెండు తలుపులంత చెక్క మీద,
నా అరచెయ్యంత ఇంజను,
జానెడు జానెడు డబ్బాలు ఏడు.

బోర్డులకు లైట్లు పెట్టెటోన్ని నేను.
షవర్మా దుకాణం పేరు, మందుల షాపు పచ్చగుర్తు,
తెల్లందాక మెరిసే బంగారం కొట్టు.
కువైట్ల నేను వెలిగించిన అక్షరాలు చానా ఉన్నయి,
నాకు చదవొచ్చినయి తక్కువ.

"లింబాద్రీ" అన్నడు ముసలాయన, పాత బొంబాయి హిందీల,
"ఊరు కట్టిన, రైలు నడిపిన,
రాత్రి మాత్రం చెయ్యరాలే.
నువ్వు రాత్రి చేసిపెట్టు."

వాళ్ల నాయన ఖర్జూరాల పడవ మీద బొంబాయి పోయెటోడట.
ఆరేండ్ల పిల్లగాడు నాయన ఏలు పట్టుకొని
స్టేషన్ల నిలబడి చూసిన రైలట ఇది.
అదే స్టేషన్ల నేనూ నిలబడ్డ,
ఏజెంటు ఫోను ఎత్తని మూడు రోజులు.
ఆ ముచ్చట చెప్పలే.
పటకారు తీసిన.

బియ్యపు గింజంత ఎల్‌ఈడీ, వెంట్రుకంత తీగె.
గట్టిగ ఊపిరి ఇడిస్తే ఎగిరిపోతది.
మొదటిది నా తొందరకే మాడింది:
పన్నెండు ఓల్టులు నేరుగ ఇస్తే
ఒక్కసారి నీలంగ నవ్వి సచ్చింది.
ముందట రెసిస్టరు పెట్టాలె.
వెలుగుకైనా ఎవడో ఒకడు అడ్డం నిలబడి
మెల్లగ, మెల్లగ అనాలె.

స్టేషన్ల పెడితే గోడలే అంటుకున్నట్టు ఎర్రగైనయి.
ప్లాస్టిక్ గోడకు కడుపుల మాట దాగదు.
విప్పి, లోపటంత నల్లరంగు పూసిన.
అప్పుడొచ్చింది వెలుగు కిటికీలల్లకెల్లి.
ఇల్లు ఇల్లు లెక్క కనబడాలంటే
లోపట ఇంత చీకటి పూయాలెనేమో.

"ఇది ఆసుపత్రి" అన్నడు ముసలాయన.
నిజమే. నాలిక చూపియ్యమనే తెల్లటి వెలుగు.
వంటింట్ల ఖాదర్‌బీ, రాయచోటామె, నవ్వింది:
"గోళ్లరంగు ఉండాదిలే, రంగులేంది.
దాంట్లో రవ్వంత పసుపు కలుపు నాయనా."
చీపురుపుల్లతోని ఒక్కో గింజకు ఒక్కో బొట్టు.
కందిలి రంగొచ్చింది.
నా ఏళ్లు మాత్రం రెండు రోజులు పప్పు వాసన.

ఇగ బండి.
కిటికీలు ఎంత మూసినా ఎడారి దుమ్ము పట్టాల మీదికే వస్తది,
చక్రానికి కరెంటు అందదు,
ఏడు డబ్బాలూ కన్ను కొడతయి.
కెపాసిటరు అతికిచ్చిన.
ఉన్నప్పుడు ఇంత దాసుకొని
లేనప్పుడు తీసిస్తది అది,
మా రూంల నెలాఖరుకు బీరయ్య లెక్క.

గదిల లైటు ఆర్పినం.
రైలు కదిలింది.
పసుపు కిటికీలు వంకర తిరిగి, సొరంగంల మునిగి, తేలి,
మా ముందటికెల్లి పోతుంటే
ముసలాయన సప్పుడు చెయ్యలే.
గుమ్మంకాడ చేతులు తుడుసుకుంట ఖాదర్‌బీ అన్నది:
"ఎవురూ ల్యారే లోపల."

ఇన్నేండ్లు చీకట్ల తిరిగింది గదా,
ఖాళీ సీట్లని ఎవలకు తెలుసు.

చపాతీ పిండి, చెవి పుల్లలు.
గోరంత మనుషులను చేసినం ముగ్గురం.
ఆమె నల్లముసుగు మనిషిని కిటికీకాడ పెట్టింది,
ముఖం బయటికి తిప్పి.
ఆయన ఒక పిల్లగాన్ని, ఆ పిల్లగాని ఏలుకు ఒక నాయనను.
నేను ఆఖరి డబ్బాల, తలుపుకాడ, ఒక బ్యాగు పెట్టిన.
బ్యాగు మీద కూసోబెట్టబోతే
మనిషి పటకారుల నుంచి జారి ఎటో పడ్డడు.
ముగ్గురం మోకాళ్ల మీద ఎతికినం.
ఆ కువైటీ ముసలాయన కూడా, తెల్లబట్టలతోని, బల్లకింద.
దొరకలే.

జిలీబ్ బస్సు ఎక్కేసరికి పదకొండు.
లోపట ట్యూబులైటు కొట్టుకుంటున్నది.
గుంత గుంతకు నలభై మందిమి
ఉంటున్నం, లేకుంటున్నం, ఉంటున్నం.
కడ్డీ పట్టుకొని నిలబడి లెక్క కడుతున్న:
దీనికి ఎన్ని మైక్రోఫారడ్లు పడతయో అని.