సంగడి

గాలి ధర నాకు తెలుసు.
పద్నాలుగేళ్లుగా అమ్ముతున్నది అదే,
అల్ ఐన్ సనయ్యాలో, టైర్ల కొట్టు గుమ్మంలో.
అందుకే కుంజలవి షాపులో
రెండు గొట్టాల పడవ ముందు గొంతుక్కూచుని
వేలితో మీటి చూస్తుంటే
అతను నవ్వాడు: "పుచ్చకాయా?"

పుచ్చకాయే.
పచ్చిదో పండిందో మోత చెబుతుంది.

ఎనిమిదడుగులది బొద్దుగా ఉంది. నీలం రంగు,
చాయ్ కప్పు పెట్టుకోడానికి గుంట కూడా.
కుట్టు దగ్గర చెవి ఆనించాను.
వినీ వినపడకుండా స్స్... అంటోంది
చాడీ చెప్పే నోరులా.
వద్దు.

తొమ్మిదడుగులది ముదురాకుపచ్చ.
అతుకు మీద అతుకు, లోపల వేరే తిత్తి,
వాల్వు బిగిస్తే
అన్నం తిన్న ముసలాడిలా గమ్మునుండిపోయింది.
ఫ్రేము ఇనుమైతే చవక.
అల్యూమినియమైతే నా నెలన్నర జీతం.

ఇనుము తుప్పు పడుతుంది. ఆ చెరువు నీళ్లు
ఊరంతా వాడి వదిలేసినవి:
స్నానాలు, వుజూలు, బిర్యానీ డేగిసాలు కడిగినవి.
శుద్ధయి, పొంగి, ఇసకలో దారి మరిచి
హఫీత్ కొండకి ఇవతల
అలా కూలబడ్డాయి.
ఉప్పు కాస్త ఎక్కువే.
అయినా కిక్కిస మొలిచింది. అయినా గురకలు పుట్టాయి.
ఎవరు వదిలారో, ఏ కొంగ కాలికంటుకుని వచ్చాయో.
కొల్లేట్లో చైనా గురక వలలో పడితే
మొహం చిట్లించేవాళ్లం.
ఇక్కడ అదే కనపడితే
తెలియని బస్టాండులో మేనమామ కొడుకు ఎదురైనట్టుంది.

"పర్సనల్ బోటు ఇది," అన్నాడు కుంజలవి,
"ఒక్కడికే. సీటొకటే.
నూట ఎనభై కిలోలు మోస్తుంది."
నేను అరవై రెండు.
మిగతా నూట పద్దెనిమిదీ ఎవరివని
అడగలేదు.

మావాళ్లు రెండు తాటిదోనెలు పక్కపక్కన పెట్టి
అడ్డకర్ర వేసి, తాడుతో బిగించి
సంగడి అనేవాళ్లు.
ఒంటి దోనె తాగుబోతు, ఊరికే పొర్లుతుంది.
రెండైతే
దీని తూలుడు అది పట్టుకుంటుంది.
సంగడీడు అనే మాట అందులోంచే పుట్టిందని
తెలుగు మాస్టారు చెప్పినరోజు
వెనక బెంచీలో నేనూ ఏడుకొండలూ
ఒకరి భుజం ఒకరం గుద్దుకున్నాం.

పాంటూనట దీని పేరు.
మళ్లీ చూశాను.
రెండు గొట్టాలు. అడ్డంగా రెండు కడ్డీలు. బిగించిన పట్టీలు.
ఒక్కడి కోసం పడవ చేయబోయినవాడు కూడా
ఒక్కటి చేసి ఊరుకోలేకపోయాడు.

అల్యూమినియమే ఇవ్వమన్నాను.
బేరం కుదిరాక అతుకుల డబ్బా ఫ్రీ అన్నాడు,
నాకు!
కుమ్మరికి కుండ కట్నమిచ్చినట్టు.

నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు, గదికి ఆరుగురం.
గాలి తీసేస్తే మంచం కింద పట్టింది,
నా సూట్‌కేసు బయటికొచ్చి
గుమ్మంలో నిలబడింది.

శుక్రవారం. ఇంకా తెల్లారలేదు.
గుల్ జమాన్ పికప్పులో వచ్చాం.
బన్నూ దగ్గర కొండల్లో పుట్టాడు,
మోకాలు దాటిన నీళ్లలో దిగనివాడు.
పర్మిట్ కాగితం జేబులో ఉందా అని మూడుసార్లడిగాడు.
నారింజరంగు జాకెట్ బొత్తాలు తనే పెట్టాడు.
కుడి గొట్టం తను కొడతానన్నాడు,
ఎడమది నాకొదిలాడు.
చెమటలు కక్కుతూ, బిస్మిల్లా అంటూ
కాలిపంపు తొక్కుతూనే ఉన్నాడు.

బొటనవేలితో నొక్కితే తెలిసిపోయింది:
అతని వైపు పావు పౌను ఎక్కువ.
కొట్లో అయితే ఏ బండినీ
అలా వదలను.

కాళ్లకి బాతుకాళ్లు తొడుక్కుని నీళ్లలోకి జరిగాను.
పడవ కొంచెం ఎడమకి వాలి, నేరుగా పోనంటోంది.
గాలం ఇంకా వేయలేదు.
గట్టుమీద ఫ్లాస్కు పట్టుకుని
గుల్ జమాన్ ఏదో అరుస్తున్నాడు పష్తోలో.
నాకు రాదు ఆ భాష.
తెడ్డు ఎత్తి చూపించాను.