జంపర్ తీగలు

ఫిబ్రవరి. హల్ ఊళ్లో, హంబర్ మీది గాలికి
మేం అద్దెకు తీసుకున్న బడి హాలు కిటికీలు
దడదడ కొట్టుకుంటున్నాయి.

పోయిన నెల ఇక్కడే అడిగాను, మెల్లిగానే:
హీటరు బాగుచేయించే డబ్బు ఏమైందని.
మరుసటి ఆదివారం జెకర్యా అయ్యగారు పేరెత్తకుండా
"మన మధ్య ఒక యెజెబెలు ఉంది" అన్నారు.
ముప్పై తలలు నావైపు తిరిగాయి.
మా ప్రేరణ తల ఒక్కటే నేలకేసి వంగింది.

ప్రభువు బల్లకు రావద్దన్నారు.
ఆ బల్ల మీది తెల్లగుడ్డ
ఆరేళ్లుగా ఇస్త్రీ చేస్తున్నది నేనే.

ఇవాళ కూడా వెనక వరసలో కూర్చున్నా.
ఎవరూ చెయ్యెత్తని స్టాపును బస్సు దాటినట్టు
గిన్నె నన్ను దాటిపోయింది.

అందరూ వెళ్లాక
అయ్యగారి కారు కిక్కురుమనలేదు.
బోనెట్ ఎత్తి, పాత కోటులో ఆయన
ఉన్నట్టుండి ఎంత చిన్న మనిషి!
సంతోషించాను. అబద్ధమెందుకు,
ఒక నిమిషం నిండుగా సంతోషించాను.

తర్వాత డిక్కీ తెరిచాను.
ఎర్రది ఎర్రదానికి. నల్లది ఇనుముకు.
"ఇప్పుడు తిప్పండి."
దగ్గి, దగ్గి, లేచింది బండి.

"వందనాలమ్మా" అన్నారు నా బూట్లకేసి చూస్తూ.
"వందనాలండీ.
లెక్క మాత్రం ఇంకా అడుగుతూనే ఉంటాను."
తీగలు చుట్టేశాను. వేళ్లనిండా మసి.

ఇంటిదారిలో పరలోక ప్రార్థన మొదలుపెట్టాను.
క్షమించే మాట దగ్గర గొంతు ఆగింది.
ఒక రౌండబౌట్ దాటాం, రెండోదీ దాటాం.

వెనక సీట్లోంచి ప్రేరణ
ఆ మాట తనే అనేసి
"తర్వాతది నువ్వు చెప్పమ్మా" అంది.