హంసపాదు

నలభై రెండేళ్లు అరండల్‌పేట ప్రెస్సులో
సీసపు అక్షరాలు ఏరిన వేళ్లు నావి.
కేసులో ఏ గడిలో ఏ వత్తు ఉండేదో
కరెంటు పోయినా చెప్పగలను.
కళ్లు మసకబారి మానేశాను గానీ
కాగితం కనబడితే ఇప్పటికీ
ముందు తప్పు కోసమే చూస్తాను.

అందుకే మూడంతస్తులెక్కి నా దగ్గరికి తెచ్చారు దాన్ని.

మావి మూడు బ్లాకులు, తొంభై ఆరు గడపలు.
శ్లాబు పెచ్చులూడి
ఇనుము పక్కటెముకల్లా బయటపడింది.
మొన్నటి ముసురుకి జరీనాబీ పొయ్యి మీదే పడిందొక పెచ్చు,
పప్పు పోయింది, మనిషి మిగిలింది.
కూల్చొద్దని ఎవరన్నారు?
కూల్చండి, కట్టండి, లిఫ్టు కూడా పెట్టండి,
నా మోకాళ్లు మీకు దండం పెడతాయి.

కాగితం రెండు పేజీలు.
‘నా పూర్తి సమ్మతితో’ అని మొదలు.
‘ఇల్లు ఖాళీ చేసి’ అని నడుమ.
‘తగిన చోట, తగిన సమయంలో’ అని చివర.
కింద వేలిముద్రకి గడి.
ఇంకుప్యాడు కూడా వాళ్లే తెచ్చారు.

ఒకసారి పైకి చదివాను, ఒకసారి లోపల,
ఒకసారి కింది వరస నుంచి పై వరసకి.
ప్రూఫు అట్లాగే చూడాలి,
అర్థం మన కన్ను కప్పకుండా.
తప్పుల్లేవు.
దీర్ఘాలన్నీ ఉన్నాయి, సున్నాలు ఎక్కడివక్కడే.
పడాల్సిన మాటొకటి పడలేదు, అంతే.

తగిన చోటంటే ఎక్కడ? అంది నాంచారమ్మ.
మిర్చి తొడిమలు తీసీ తీసీ
నీళ్లలో ముంచినా మండే చేతులామెవి.
కోల్డ్ స్టోరేజీ వ్యాను అయిదున్నరకి మా గేటుకొస్తుంది,
అయిదు ముప్పై అయిదుకి ఉండదు.
నల్లపాడు అవతల పడేస్తే
ఆ వ్యాను నన్ను వెతుక్కుంటూ వస్తదా?

సాలోమి కొడుక్కి వినబడదు.
వాడి బడి రెండు సందుల అవతల,
దారి వాడి కాళ్లకి తెలుసు.
సాలోమి ఏమీ అడగలేదు.
వాడి చెయ్యి పట్టుకుని నిలబడింది.

వచ్చిన ఇంజినీరు కుర్రవాడు, మంచివాడే.
‘మళ్లీ ఇక్కడికే తెస్తామండీ, నా మాట నమ్మండి’ అన్నాడు
చెమట తుడుచుకుంటూ.
నమ్ముతాను బాబూ.
నమ్మేదాన్ని రాయడానికేం?
‘చోటు లేదండీ, ఫార్మాటు పైనుంచి వచ్చింది.’

చోటా!
బతుకంతా నేను చేసిందదే కదయ్యా,
మాటకీ మాటకీ మధ్య
సీసపు బిళ్ల దూర్చి చోటు చెయ్యడం.

పెన్ను తీసి ‘తగిన చోట’ కొట్టేశాను.
వరస కింద గీశాను
పిట్ట కాలిగుర్తంత గీత.
ఆదిలోనే హంసపాదని జనం దాన్ని ఆడిపోసుకుంటారు గానీ
అది అపశకునమేం కాదు,
మరిచిన మాటకి వాకిలి.
ఆ వాకిట్లో రాశాను:
ఇక్కడే.
ఇంకొకటి గీసి: పద్దెనిమిది నెలల్లో.
ఇంకొకటి: అందాకా అద్దె మీరే.
అప్పటికి మార్జిను అయిపోయింది.

తొంభై ఆరు కాగితాలకి నా చెయ్యి చాల్లేదు.
జరీనాబీ మనవరాలు తహసీన్, ఏడో తరగతి,
చూసి పట్టేసింది.
దాని హంసలు మరీ లావు, బాతుల్లాగా.
మెట్ల మీద కూచుని రాత్రి పదకొండు దాకా రాశాం,
కింద మెట్టు మీద ఎవరో టార్చి పట్టుకున్నారు.

‘పైవాళ్లు ఒప్పుకోరేమో’ అన్నాడు ఇంజినీరు,
కట్ట చంకన పెట్టుకుంటూ.
‘అట్లయితే ఆ ఇంకుప్యాడు కూడా పట్టుకుపో’ అంది నాంచారమ్మ.

నెలా తొమ్మిది రోజులైంది. కబురు లేదు.
రాత్రిళ్లు మొహం మీద ఇసక రాలుతూనే ఉంది,
దుప్పటి కప్పుకుని పడుకుంటున్నాను.

ఇవాళ పొద్దున తహసీన్
బి బ్లాకు గోడ మీద, ఇంటి నెంబర్ల కింద,
సుద్దముక్కతో హంసపాదు గీసి ఊరుకుంది.
ఏం రాస్తావే అక్కడ అంటే
చెయ్యి లంగాకి తుడుచుకుని
‘చోటు పెట్టాను తాతా’ అంది.